అత్తయ్యకు ఆలస్యం వద్దు, మీవారికి తొందర వద్దు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా అత్తయ్య వయసు 62. ఏడాదిగా కడుపుబ్బరం, నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్టు ఉండటం, పొట్ట పైభాగంలో మంట. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ మాత్రలతోనే నెట్టుకొస్తున్నారు. షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్ళకు నాలుగేళ్ళుగా నొప్పి మాత్రలు వాడుతున్నారు. ఆర్నెల్లలో ఐదు కిలోలు తగ్గారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 ఉంది, ఐరన్ బాగా తక్కువ అన్నారు. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాసి, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేయించమన్నారు. అత్తయ్య ససేమిరా అంటున్నారు. వాళ్ళ అన్నయ్యకు ఎప్పుడో మత్తు లేకుండా చేస్తే నరకం చూశారట. కడుపులో బాధకు కింది నుంచి పరీక్ష ఎందుకు, స్కానింగ్ చాలదా, మింగే కెమెరా మాత్ర ఉందట కదా అంటున్నారు. మావారికి 36 ఏళ్ళు. ఆఫీసు నుంచి వచ్చి తినేసరికి రాత్రి పదకొండవుతుంది. పడుకోగానే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి తనకూ ఎండోస్కోపీ చేయించేసుకుంటానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. మీ అత్తయ్యకు నోటి నుంచి గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ, కింది నుంచి పంపి పెద్దపేగును చూసే కొలనోస్కోపీ, ఆ రెండు పరీక్షలూ కావాలి. వాయిదా వేయకండి, రెండు మూడు వారాల్లోపే తేదీ తీసుకోండి. మీవారికి ఇప్పుడు అవసరం లేదు. ఒకే ఇంట్లో ఇద్దరికీ కడుపులో మంటే కదా, ఒకరికి అలా, మరొకరికి ఇలా ఎందుకు అనిపించవచ్చు. వివరంగా చెబుతాను. మీ అత్తయ్యకు కూడా చదివి వినిపించండి. ఆమె అడిగిన ప్రశ్నలు మంచి ప్రశ్నలు, భయం అని తోసిపుచ్చాల్సినవి కావు.

మీ ఉత్తరంలో నన్ను ఆపినవి కడుపుబ్బరం, మంట కాదు. 8.4 అన్న అంకె, తగ్గిన ఐదు కిలోలు. ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత అంటాం. నెలసరి వచ్చే వయసులో అయితే ఐరన్ ఎటు పోతోందో ఊహించవచ్చు. 62 ఏళ్ళ మనిషికి ఆ దారి లేదు. తిండిలో ఐరన్ తక్కువై ఉంటుందిలే అని పాలకూర, బెల్లం, ఖర్జూరాలతో సరిపెట్టుకునే ఇళ్ళు ఎన్నో చూస్తుంటాను. ఈ వయసులో ఐరన్ తగ్గిందంటే, మరొక కారణం రుజువయ్యేదాకా, అన్నవాహిక నుంచి మలద్వారం దాకా ఎక్కడో ఒకచోట రక్తం కారుతోందనే అనుకోవాలి.

ఆ కారడం కంటికి కనబడదు. ఒక మిల్లీలీటరు రక్తంతో పాటు సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ పోతుంది. మనం తిన్న తిండి నుంచి రోజుకు ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అంటే రోజుకు ఒక చిన్న చెంచాడు రక్తం పేగులోకి ఊరుతున్నా, కొన్ని నెలల్లో ఒంట్లోని నిల్వలు ఖాళీ అవుతాయి. మలం నల్లబడాలంటే సుమారు 50 నుంచి 100 మిల్లీలీటర్లు పోవాలి. అందుకే ‘మోషన్ బాగానే ఉంది కదా’ అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి మలం ఎలాగూ నల్లగా వస్తుంది. దానికి కంగారు పడవద్దు. జిగటగా, మెరుస్తూ, భరించలేని దుర్వాసనతో పలచగా వస్తే మాత్రం అది రక్తమే అనుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక కింది నుంచి పరీక్ష ఎందుకన్న ప్రశ్న. పెద్దపేగు మొదలయ్యే కుడివైపు భాగం వెడల్పుగా ఉంటుంది, అక్కడ మలం ఇంకా పలచగానే ఉంటుంది. ఆ చోట కంతి పెరిగినా దారి మూసుకుపోదు, మలబద్ధకం రాదు, నొప్పీ ఉండదు. చుక్క చుక్కగా రక్తం పోతూ ఉంటుంది, అంతే. చాలామందిలో మొదట బయటపడే లక్షణం నీరసమే. ఆమెకు కేన్సరే ఉందని నేను అనడం లేదు. నొప్పి మాత్రల వల్ల పడ్డ పుండు కావచ్చు, పేగులో చిట్లే చిన్న రక్తనాళాలు కావచ్చు, మామూలు కంతి కావచ్చు. అయితే పైన ఎండోస్కోపీలో కాస్త వాపు కనబడగానే ‘దొరికింది కారణం’ అని కొలనోస్కోపీ మానేసే వాళ్ళున్నారు. నేను గట్టిగా వద్దనేది అదే. ఈ వయసులో ఎవరి జీర్ణాశయంలో చూసినా కొంత వాపు కనబడవచ్చు. ఆ కాస్త వాపుకు 8.4 దాకా రక్తం పడిపోదు.

నొప్పి మాత్రల సంగతి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు మోకాలి వాపును తగ్గించే పద్ధతిలోనే, కడుపు లోపలి పొరను కాపాడే రసాయనాలను కూడా తగ్గించేస్తాయి. పొర పలచబడి పుండు పడుతుంది. అన్నం తిన్నాక వేసుకున్నా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా ఈ ప్రమాదం పోదు, ఎందుకంటే పని చేసేది రక్తంలో కలిశాకే. పైగా పెద్దవయసులో ఆ మాత్రే పుండు నొప్పిని కూడా తెలియనివ్వదు. రక్తం కక్కుకునే దాకా కడుపునొప్పి అన్నదే ఎరగని వాళ్ళుంటారు. ఈ రోజు నుంచే అవి ఆపించండి. నొప్పి భరించలేనప్పుడు ఎంత పారాసిటమాల్ వేసుకోవచ్చో డాక్టరును అడగండి. ఒకవేళ గుండె కోసం ఆస్పిరిన్ గానీ, రక్తం పలచబడే మందు గానీ వాడుతుంటే వాటిని మాత్రం సొంతంగా ఆపవద్దు. పరీక్షకు ముందు ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి, ఎన్నాళ్ళు అన్నది గుండె డాక్టరు, ఎండోస్కోపీ డాక్టరు కలిసి చెప్పాలి.

పచ్చడి కారం తినే అల్సరు వచ్చిందని మీ ఇంట్లో ఎవరైనా ఆమెను అంటుంటే, ఆ మాట మానమనండి. కారం మంటను పెంచవచ్చు, పుండును పుట్టించదు. అల్సర్లకు పెద్ద కారణాలు రెండు. ఒకటి పైన చెప్పిన మాత్రలు. రెండోది హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ దాన్ని గుర్తించేదాకా, అల్సరంటే మనసులో దిగులు, నోటిలో కారం అనే వైద్యలోకం కూడా నమ్మింది. వారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మందికి పైగా కడుపులో ఈ సూక్ష్మజీవి ఉంటుంది, వారిలో ఎక్కువ మందికి ఏ బాధా ఉండదు. పుండు ఉన్నప్పుడు మాత్రం దాన్ని మందులతో తొలగించి తీరాలి.

ఎండోస్కోపీ చేసేటప్పుడే చిన్న ముక్క తీసి, ఒక చిన్న పరీక్ష గడిలో పెడితే ఈ సూక్ష్మజీవి ఉన్నదీ లేనిదీ రంగు మార్పుతో తెలుస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. పాంటాప్రజోల్, రాబెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రెండు వారాల్లోపు వాడి ఉంటే, సూక్ష్మజీవి ఉన్నా లేదని రావచ్చు. నాలుగు వారాల్లోపు యాంటీబయోటిక్స్ వాడినా అంతే. కాబట్టి గ్యాస్ మాత్ర ఆపవచ్చా, దాని బదులు కొన్నాళ్ళు యాంటాసిడ్ ద్రవంతో సరిపెట్టుకోవచ్చా అని డాక్టరును అడగండి. మంట తట్టుకోలేక ఆపలేకపోయినా పరీక్షకు వెళ్ళండి. అప్పుడు ‘సూక్ష్మజీవి లేదు’ అన్న రిపోర్టు వస్తే దాన్ని పూర్తిగా నమ్మకూడదని గుర్తుంచుకుంటే చాలు.

స్కానింగ్ ఎందుకు చాలదంటారా? పొట్టపై జెల్ రాసి చేసే అల్ట్రాసౌండ్‌కు కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు బాగా కనబడతాయి. పిత్తాశయంలో రాళ్ళకు దాన్ని మించినది లేదు. జీర్ణాశయం, పేగులు గాలితో నిండి ఉంటాయి. ధ్వని తరంగాలు ఆ గాలిని దాటి చూడలేవు. లోపలి పొర మీది అర సెంటీమీటరు పుండు సీటీ స్కాన్‌లో కూడా తప్పిపోవచ్చు. ఒకవేళ ఏదో కనబడినా, అది ఏమిటో తేల్చాలంటే ముక్క తీయాలి. ముక్క తీయాలంటే మళ్ళీ ఎండోస్కోపీకే రావాలి.

మింగే కెమెరా మాత్ర నిజంగానే ఉంది. సుమారు 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు. దాన్ని నీళ్ళతో మింగితే ఎనిమిది నుంచి పన్నెండు గంటల పాటు లోపల ఫొటోలు తీస్తూ పోతుంది, నడుముకు కట్టిన పెట్టెలోకి అవి చేరతాయి. తర్వాత మలంతో బయటకు వచ్చేస్తుంది. అది చిన్నపేగు కోసం పుట్టిన పరికరం. పై నుంచి వెళ్ళే గొట్టమూ కింది నుంచి వెళ్ళే గొట్టమూ చేరలేని మీటర్ల పొడవు పేగును చూపిస్తుంది. అయితే ముక్క తీయలేదు, రక్తం కారుతుంటే ఆపలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే అక్కడే ఇరుక్కుపోతుంది కూడా. మన దేశంలో పేగు క్షయ వల్ల అలా సన్నబడిన పేగులు తక్కువేమీ కాదు. అందుకే రెండు పరీక్షల్లోనూ ఏమీ తేలకుండా రక్తం ఇంకా తగ్గుతూ పోతుంటేనే కెమెరా మాత్ర వంతు వస్తుంది. ఈఆర్‌సీపీ అనీ, ఎండో అల్ట్రాసౌండ్ అనీ మరికొన్ని ఉన్నాయి. అవి పైత్యనాళం, క్లోమం జబ్బులకు. మీ అత్తయ్యకు వాటితో పని లేదు.

ఇప్పుడు భయం సంగతి. ఆమె అన్నయ్య చెప్పింది అబద్ధం అయి ఉండదు. మత్తు లేకుండా, ఏమీ వివరించకుండా, గొంతులోకి ఒక్కసారిగా గొట్టం పోనిస్తే ఎవరికైనా నరకంగానే ఉంటుంది. మీ అత్తయ్య మత్తుతో చేయించుకోవచ్చు. హైదరాబాద్‌లో అది మామూలు విషయం. అలా కావాలని ముందే చెప్పండి.

ఆ రోజు ఏం జరుగుతుందో ఆమెకు ముందే తెలిస్తే సగం భయం పోతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. కట్టుడు పళ్ళుంటే తీసేయమంటారు. గొంతులో చేదుగా ఉండే స్ప్రే కొడతారు. ఒకటి రెండు నిమిషాల్లో గొంతు మొద్దుబారి, లోపల ఉబ్బినట్టుగా, మింగుడుపడనట్టుగా అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే ఊపిరి ఆడటం లేదని బెదిరిపోతారు. ఊపిరి బాగానే ఆడుతుంది, స్పర్శ మాత్రమే పోయింది. గొట్టం వెళ్ళేది అన్నవాహికలోకి, ఊపిరి వెళ్ళేది శ్వాసనాళంలోకి, రెండూ వేరు దారులు. పళ్ళ మధ్య ఒక ప్లాస్టిక్ గుండ్రని పట్టీ పెడతారు. వేలికి క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూస్తుంటారు. చేతి నరంలోకి మత్తు మందు వెళ్ళాక మిగిలింది ఆమెకు దాదాపు గుర్తుండదు. గొట్టం చిటికెన వేలంత లావు ఉంటుంది, పరీక్ష ఐదు నుంచి పది నిమిషాలు. ముక్క తీసినా నొప్పి తెలియదు, ఎందుకంటే ఆ లోపలి పొరకు గిల్లితే తెలిసే స్పర్శ లేదు. అయ్యాక గొంతు మొద్దు వదిలేదాకా, అంటే అరగంటో గంటో, నీళ్ళు కూడా ఇవ్వకూడదు. ముందు ఒక్క గుక్క తాగించి, పొలమారకపోతేనే మిగతాది.

ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ ఒకే రోజు, ఒకే మత్తులో చేయమని అడగండి. ముందు పైది, వెంటనే కిందిది చేస్తారు. రెండుసార్లు పస్తు, రెండుసార్లు మత్తు, రెండుసార్లు ప్రయాణం తప్పుతాయి.

నిజానికి కష్టమైనది పరీక్ష కాదు, ముందు రోజు రాత్రి ఇంట్లో జరిగేది. అది మీ చేతుల్లో ఉంది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువగా చెబుతాను. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న కంతులు కనబడవు, మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సి వస్తుంది.

ఐరన్ మాత్రలు పరీక్షకు వారం ముందు ఆపేయాలి. అవి మలాన్ని నల్లగా చేసి పేగు గోడలకు అంటించేస్తాయి. మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, టమాటా, వంకాయ, జామ, దానిమ్మ, నువ్వులు, పొట్టు పప్పులు మానిపించండి. పోపులో ఆవాలు, జీలకర్ర కూడా వద్దు. ఇది వింతగా అనిపించవచ్చు గానీ, ఆవగింజ అరగదు, గొట్టం లోపలి సన్నని పీల్చుడు దారికి అడ్డం పడుతుంది. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, బ్రెడ్డు, పొట్టు లేని పెసరపప్పు కట్టు ఫరవాలేదు. ముందు రోజు పొద్దున రెండు ఇడ్లీలు చట్నీ లేకుండా పెట్టి, ఆ తర్వాత ద్రవాలే. కొబ్బరి నీళ్ళు, పాలు లేని టీ, వడకట్టిన నిమ్మరసం ఇవ్వవచ్చు. పాలు, మజ్జిగ వద్దు. ఎర్రటివి ఏవీ వద్దు, లోపల రక్తమో రంగో తెలియదు.

పేగును శుభ్రం చేసే మందు పొడి ప్యాకెట్‌ను సాధారణంగా రెండు లీటర్ల నీటిలో కలపమంటారు. ఉప్పగా, తియ్యగా, వెగటుగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇస్తే, నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే గొంతు దిగుతుంది. సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగడం మంచి పద్ధతి. మొత్తం ముందు రోజే తాగించేస్తే, రాత్రంతా పైనుంచి దిగే పసరు వల్ల పేగు కుడివైపు భాగం మళ్ళీ మురికవుతుంది. మనకు ముఖ్యంగా చూడాల్సింది ఆ భాగమే. పది పదిహేను నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగాలి. వాంతి వచ్చేట్టుంటే అరగంట ఆగి మళ్ళీ మొదలుపెట్టండి, మానేయకండి. చివరికి వచ్చేది పలుకులు లేకుండా, లేత పసుపు నీళ్ళలా ఉంటే సరిపోయినట్టు. గోధుమ రంగులో మడ్డి వస్తుంటే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పండి.

మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ రాత్రి పది పన్నెండు సార్లు బాత్రూముకు వెళ్ళాలి. రక్తం తక్కువ, కడుపులో తిండి లేదు, కళ్ళు తిరుగుతాయి. దారిలో లైటు వేసి ఉంచండి. బాత్రూము నేల తుడిచి ఆరబెట్టండి. కింద కూర్చునే దొడ్డి అయితే ఒక్క రాత్రికైనా కుర్చీ కమోడ్ ఏర్పాటు చేయండి. మీరో మీవారో పక్కనే పడుకోండి. ఈ పరీక్షలో గొట్టం కంటే, ఆ రాత్రి కాలు జారి తుంటి విరగడం గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. మందు మధ్యలో ఓఆర్‌ఎస్ నీళ్ళు కూడా ఇవ్వండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఈ మధ్య చేయించకపోతే, పొడి ఎంపిక చేసే ముందే చేయించమనండి.

షుగరు మాత్రలు పస్తుతో వేసుకుంటే షుగరు పడిపోతుంది. ఆమె వాడే ప్రతి మాత్ర స్ట్రిప్పూ డాక్టరుకు చూపించి, ముందు రోజు ఏది సగం చేయాలి, పొద్దున ఏది మానాలి రాయించుకోండి. కొన్ని కొత్త షుగరు మందులను మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి. బీపీ మాత్ర సాధారణంగా తెల్లవారే ఒక గుక్క నీటితో వేయమంటారు. ఇంట్లో షుగరు చూసే మిషను ఉంటే ఆ రాత్రి రెండు మూడు సార్లు చూడండి. 70 కన్నా తగ్గితే, లేదా చెమటలు, వణుకు వస్తే వడకట్టిన చక్కెర నీళ్ళు ఇవ్వండి. అది పస్తు చెడినట్టు కాదు, ఆస్పత్రిలో చెబితే చాలు.

మల్కాజిగిరి నుంచి నగరం అటు కొసకు వెళ్ళాలంటే ట్రాఫిక్‌లో గంటన్నర పట్టవచ్చు. రెండో విడత మందు తాగిన వెంటనే బయల్దేరితే దారిలో ఆమె పడే ఇబ్బంది చెప్పలేం. పది, పదకొండు గంటల ప్రాంతంలో సమయం అడిగి, తెల్లవారుజామున నాలుగింటికే రెండో విడత మొదలుపెట్టండి. ఐదున్నర కల్లా ముగిస్తే బయల్దేరే వేళకు మోషన్లు సర్దుకుంటాయి. మరో చీర, ఒక పాత తువ్వాలు సంచిలో పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఆటో గానీ కారు గానీ మాట్లాడుకోండి. మత్తు పూర్తిగా వదలని మనిషిని స్కూటరు వెనక కూర్చోబెట్టడం ప్రమాదం. ఆ రోజంతా గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వవద్దు, కాగితాల మీద సంతకాలు పెట్టించవద్దు.

కొలనోస్కోపీ 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. కంతి కనబడితే చాలావరకు అప్పుడే తీసేస్తారు, అందుకు ఒప్పుదల ముందే ఇవ్వండి. మామూలు కంతి కేన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది కాబట్టి, దాన్ని తీసేయడమంటే రాబోయే కేన్సర్‌ను ముందే తీసేయడం. ప్రమాదం అసలే లేదని చెప్పను. పేగుకు రంధ్రం పడటం వెయ్యి మందిలో ఒకరికో అంతకన్నా తక్కువ మందికో జరుగుతుంది, కంతి తీసినప్పుడు కొంచెం ఎక్కువ. ఇంటికొచ్చాక గాలి వల్ల పొట్ట ఉబ్బరంగా ఉండటం మామూలే. నొప్పి పెరుగుతూ పోయినా, పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా, రక్తం పడినా ఆ రాత్రే వెనక్కి తీసుకెళ్ళండి.

ఎక్కడ చేయించాలంటే, ఈ విషయంలో మన నగరానికి కొరత లేదు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆస్పత్రుల్లో జీర్ణకోశ వ్యాధుల విభాగాలున్నాయి, ప్రైవేటులోనూ మంచి కేంద్రాలున్నాయి. ఈ రంగంలో చేసిన కృషికి 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి పనిచేసేది ఈ ఊళ్ళోనే. పేరు కన్నా ముఖ్యం మీరు అడగాల్సినవి. మత్తు ఇచ్చే డాక్టరు వేరుగా ఉంటారా? ఒకరికీ మరొకరికీ మధ్య స్కోపును క్రిమిసంహారక ద్రవంలో పూర్తి పద్ధతిలో శుభ్రం చేస్తారా? చెప్పిన ఖర్చులో మత్తు, ముక్క పరీక్ష, కంతి తీయడం కలిసి ఉన్నాయా? ఆరోగ్యశ్రీ గానీ బీమా గానీ ఉంటే దేనికి వర్తిస్తుందో ముందే ఆరోగ్యమిత్రను, బీమా కౌంటరును అడిగి తెలుసుకోండి.

పరీక్ష చేసే డాక్టరుతో ఒక్క మాట తప్పకుండా చెప్పండి. ‘ఐరన్ తక్కువై రక్తహీనత వచ్చింది, అందుకే పంపారు’ అని. ఎందుకంటే అది తెలిస్తే చిన్నపేగు మొదటి భాగం మామూలుగా కనబడినా అక్కడి నుంచి ముక్కలు తీస్తారు, గోధుమలు పడని జబ్బు లాంటివి కంటికి కనబడకపోవచ్చు. కింది నుంచి వెళ్ళినప్పుడు చిన్నపేగు చివరి భాగంలోకి కూడా తొంగి చూస్తారు, పేగు క్షయ ఎక్కువగా దాగేది అక్కడే. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు ఉన్నాయేమో ఆమెను ఒకసారి అడగండి. ఉంటే అదీ చెప్పండి. ముక్క పరీక్ష రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అది తెచ్చుకోకుండా వదిలేసేవాళ్ళు ఎక్కువ. అది వచ్చి, డాక్టరు చూసేదాకా పరీక్ష పూర్తయినట్టు కాదు.

ఇక మీవారు. 36 ఏళ్ళు, ఆలస్యంగా తినడం, వెంటనే పడుకోవడం, మంట, పుల్లటి తేన్పులు. మింగడానికి ఇబ్బంది లేకపోతే, బరువు తగ్గకపోతే, వాంతులు, నల్లటి మోషన్, రక్తహీనత లేకపోతే ఇది కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బే. దానికి ముందు చేయాల్సింది వైద్యం. ఇలాంటి వారిలో ఎక్కువ మందికి ఎండోస్కోపీలో అన్నీ మామూలుగానే కనబడతాయి. ఎండోస్కోపీ అన్నవాహిక గోడల మీది పుండును చూపిస్తుంది, ఆమ్లం ఎన్నిసార్లు పైకి వస్తోందో చూపించదు. ‘నార్మల్’ అన్న కాగితం చేతికొచ్చాక మంట మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు మరో పరీక్ష, మరో ఆస్పత్రి. ఆ తిరుగుడు ఆయనకు వద్దు.

డాక్టరును కలిసి గ్యాస్ మాత్ర నాలుగు నుంచి ఎనిమిది వారాల కోర్సు తీసుకోమనండి. పొద్దున టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సగం పని చేయదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందు అయిపోవాలి. పదకొండింటికి ఇంటికొచ్చే మనిషికి ఇది ఎలా సాధ్యం అంటారు. మీరు అన్నం డబ్బా కట్టివ్వండి, ఎనిమిదింటికి ఆఫీసులోనే తినమనండి. ఇంటికొచ్చాక ఆకలేస్తే ఒక అరటిపండు చాలు. మంచం తల వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తండి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుందే తప్ప ఛాతీ లేవదు. ఎడమ వైపు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. సిగరెట్టు, మందు అలవాటుంటే మానాలి, బరువు ఎక్కువుంటే తగ్గాలి. ఎనిమిది వారాల తర్వాత కూడా తగ్గకపోతే, మాత్ర ఆపగానే మళ్ళీ మొదలైతే, ముద్ద గొంతులో అడ్డుపడుతుంటే అప్పుడు ఎండోస్కోపీకి వెళ్ళాలి.

ఆయన విషయంలో ఒక జాగ్రత్త. మంట తిన్నాక, పడుకున్నాక కాకుండా మెట్లెక్కినప్పుడు, నడిచినప్పుడు వస్తుంటే, దానితో పాటు చెమట పట్టడం, ఎడమ చేతికో దవడకో పాకడం ఉంటే, గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. 36 ఏళ్ళకే గుండెపోటు వచ్చినవాళ్ళు ఈ నగరంలో ఉన్నారు. వెంటనే ఈసీజీ తీయించాలి.

మీ అత్తయ్యకు తేదీ దొరికేలోపు కూడా ఒక కన్నేసి ఉంచండి. రక్తపు వాంతి లేదా కాఫీ పొడి రంగులో వాంతి, నేను పైన చెప్పిన జిగట నల్ల విరేచనం, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మడం, ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, ఇందులో ఏ ఒక్కటి కనబడినా అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. మీకు గాంధీ ఆస్పత్రి అంత దూరమేమీ కాదు. వెళ్ళేటప్పుడు ఆమె వాడే మాత్రలన్నీ, నొప్పి మాత్రల స్ట్రిప్పుతో సహా, ఒక కవరులో వేసుకుని వెళ్ళండి.